బడిగంట మ్రోగిన తరువాత: సాయంకాల విద్యాకేంద్రాలు – నిధుల సమస్య

(కర్నూలులో మైనారిటీ విద్యా సేవా సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పనివేళల తరువాత మన పిల్లల చదువు కొరకు నడుస్తున్న కేంద్రాలను గురించి, వాటికి లభించే నిధులను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దీర్ఘకాలం పనిచేసినవాడిని కనుక ఫైలు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో నాకు కొంత తెలుసు. పదవీ విరమణ తరువాత ఈ కేంద్రాల మధ్యనే తిరుగుతున్నాను కనుక పిల్లల స్థితి కూడా తెలుసు. ఈ రెండింటినీ కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాను.

బడిగంట మ్రోగిన క్షణం నుండి ఇషా నమాజు వరకు ఉన్న మూడు, నాలుగు గంటల కాలమే పేదవాని బిడ్డ భవిష్యత్తును నిర్ణయిస్తున్నది. బడిలో అందరూ ఒకే బల్లపై కూర్చుంటారు. సాయంత్రం మాత్రం ఒకడు ట్యూషనుకు వెళ్తాడు, మరొకడు మెకానిక్ షెడ్డుకు వెళ్తాడు. ఒక బాలిక పాఠం చదువుకుంటుంది, మరొక బాలిక తమ్ముణ్ణి ఎత్తుకొని తల్లికి కుట్టుపనిలో సాయం చేస్తుంది. పదవ తరగతి ఫలితాలు వచ్చిన నాడు ఆ ఇద్దరి మధ్య కనిపించే వ్యత్యాసానికి కారణం తెలివితేటలు కావు, ఈ సాయంత్రాలే.

మన చట్టాలు ఈ గంటలను ఎలా చూస్తున్నాయో గమనించండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల వయసు గల ప్రతి బిడ్డకూ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రసాదించింది. ఆ హక్కు బడి గడప వరకే. బడి విడిచిన తరువాత ఆ బిడ్డ ఎక్కడ కూర్చొని చదువుకోవాలన్నది ఎవరి బాధ్యతా కాదు. ఇక బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని చెబుతూనే, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తులలో బడి వేళల తరువాతనూ, సెలవులలోనూ సాయం చేయవచ్చునని మినహాయింపు ఇచ్చింది. తండ్రి దుకాణంలో కాసేపు కూర్చోవడం తప్పు కాదని మనమూ అంటాము. కానీ పేద కుటుంబంలో ఆ కాసేపు అన్నది రాత్రి పది గంటల వరకు సాగుతుంది. చదువుకు హక్కు ఉన్న గంటలు ముగిసి, పనికి అనుమతి ఉన్న గంటలు మొదలయ్యే ఆ సంధికాలంలోనే మన కేంద్రం తలుపు తెరిచి ఉండాలి.

ఈ సత్యాన్ని ఎంతో స్పష్టంగా గుర్తించినది జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ. 2006 నవంబరులో సమర్పించిన ఆ నివేదికలో, 6 నుండి 14 సంవత్సరాల ముస్లిం బాలబాలికలలో 25 శాతం మంది బడి ముఖమే చూడనివారు గానీ, మధ్యలో మానివేసినవారు గానీ అని తేలింది. ఈ సంఖ్యను మనం ప్రతి సభలోనూ ఉటంకిస్తాము. అదే నివేదికలోని మరొక చిన్న సిఫారసును మాత్రం ఎవరూ ఉటంకించరు. ఒంటి గది ఇళ్లలో నివసించే పిల్లలకు ఇంటిలో చదువుకొనే వీలుండదు గనుక, వారు రోజుకు కొన్ని గంటలు ప్రశాంతంగా కూర్చొని చదువుకోవడానికి బస్తీలలో అధ్యయన కేంద్రాలు నెలకొల్పాలని, ఇందులో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, వ్యాపార సంస్థలు చేతులు కలపవచ్చునని కమిటీ సూచించింది. పెద్ద భవనాలు కావాలని కమిటీ అడగలేదు. ఒక గది, ఒక దీపం, నిశ్శబ్దం, అంతే. ఇన్నేళ్లు గడిచినా ఆ చిన్న సిఫారసే అమలుకు నోచుకోలేదు.

తరువాతి కాలంలో ఉన్న పథకాలు కూడా ఒక్కొక్కటిగా సన్నగిల్లాయి. ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ విద్యార్థులకు లభించిన కేంద్ర ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని 2022-23 నుండి నిలిపివేసి, తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం క్రింద చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. పోటీ పరీక్షల ఉచిత శిక్షణకు సంస్థలకు నిధులిచ్చిన నయా సవేరా పథకం ఆగింది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ రద్దయింది. 1989లో స్థాపితమై, మైనారిటీ విద్యాసంస్థలకు గ్రాంట్లు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయవలసిందిగా 2024 ఫిబ్రవరిలో ఆదేశాలు వచ్చాయి.

ఇవి ఎవరో దయతో ఇచ్చిన దానాలు కావు. ఈ దేశపు ఖజానాలో మన పన్ను కూడా ఉన్నది. కాబట్టి నిలిచిపోయిన పథకాల పునరుద్ధరణ కొరకు రాజ్యాంగబద్ధంగా, నిర్విరామంగా అడుగుతూనే ఉండాలి. ఆ విషయంలో నాకు రెండవ అభిప్రాయం లేదు. అయితే మనం అడుగుతున్న కాలంలో పిల్లవాని వయసు ఆగదు. ఎనిమిదవ తరగతిలో ఉన్నవాడు మన వినతిపత్రానికి జవాబు వచ్చేనాటికి పనిలో చేరిపోతాడు. కనుక గ్రాంటు ఉన్నా లేకపోయినా కేంద్రం నడిచే మార్గాన్ని వెదకాలి. నేడు నేను చెప్పదలచినది ఇదే: మన కేంద్రం ఊపిరి బస్తీ నుండి రావాలి, గ్రాంటు దానికి అదనపు బలం కావాలి. ఇప్పుడు చాలాచోట్ల ఇది తలక్రిందులుగా ఉన్నది.

ఎందుకు తలక్రిందులైనదో గ్రాంటు నడక తెలిస్తే అర్థమవుతుంది. ప్రకటన వెలువడుతుంది, దరఖాస్తు పంపుతాము. జిల్లా అధికారి తనిఖీ, రాష్ట్రస్థాయి సిఫారసు, ఆపైన పరిశీలక సంఘం, ఆ తరువాత మంజూరు ఉత్తర్వు, చివరకు మొదటి విడత. రెండవ విడత కావాలంటే మొదటి విడతకు వినియోగ ధ్రువీకరణ పత్రం, ఆడిట్ అయిన లెక్కలు సమర్పించాలి. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. మన బడి జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. పలుమార్లు సొమ్ము చేతికి వచ్చేసరికి సగం విద్యాసంవత్సరం గడిచిపోతుంది. పిల్లలకు అవసరం తీరిన తరువాత ఖర్చు చేయవలసిన తొందర వస్తుంది. ఇందులో ఏ ఒక్క అధికారినీ నిందించి ప్రయోజనం లేదు. ప్రజాధనానికి లెక్క అడగవలసిందే. ఆ లెక్కకు కాలం పట్టవలసిందే. కానీ నెలనెలా జీతం ఇవ్వవలసిన పనికి ఏడాదికొకసారి వచ్చే సొమ్మును నమ్ముకోవడం వివేకం కాదు.

ఒక పట్టణంలో నేను ఎరిగిన కేంద్రం ఒకటి ఉన్నది. గ్రాంటు మంజూరు కాగానే నలుగురు ఉపాధ్యాయులను నియమించారు, కంప్యూటర్లు కొన్నారు, అధిక అద్దెకు పెద్ద ఇల్లు తీసుకున్నారు. రెండవ విడత ఆలస్యమైంది. ఉపాధ్యాయులు మూడు నెలలు ఓర్చుకొని మానివేశారు. ఇంటి యజమాని తాళం వేశాడు. అర్ధసంవత్సర పరీక్షల ముందు పిల్లలు ఆ తాళం చూసి వెనుదిరిగారు. డబ్బు తరువాత వచ్చింది. పిల్లలలో చాలామంది మరల రాలేదు. పేద తల్లి తన బిడ్డను సాయంకాల సంపాదన మాన్పించి మన వద్దకు పంపడం గొప్ప విశ్వాసం. ఆ విశ్వాసం ఒకసారి చెదిరితే ఏ గ్రాంటుతోనూ దానిని తిరిగి కొనలేము.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాము. నలభై మంది పిల్లలతో ఒక చిన్న కేంద్రం అనుకోండి. బస్తీలోనే డిగ్రీ చదువుతున్న లేదా చదివిన ఇద్దరికి చెరి 5,000 రూపాయల గౌరవ వేతనం. గది అద్దె 3,000. విద్యుత్తు, మంచినీరు 1,000. పుస్తకాలు, కాగితాలు 2,000. మొత్తం నెలకు 16,000 రూపాయలు. అంటే ఒక్కొక్క బిడ్డకు 400 రూపాయలు. ఇది అంచనా మాత్రమే. ఊరిని బట్టి కొంత హెచ్చుతగ్గులు ఉంటాయి. ఇందులో ఆగకూడని ఖర్చు వేతనం, అద్దె, విద్యుత్తు. అది 14,000 రూపాయలు. నెలకు 100 రూపాయలు ఇచ్చే ఇళ్లు 140 ఉంటే ఆ కేంద్రానికి ఎన్నటికీ తాళం పడదు. మస్జిద్ అనుబంధ గదినో, ఏదైనా అంజుమన్ భవనాన్నో ఉచితంగా ఇస్తే 110 ఇళ్లు చాలును. ఒక్కడు లక్ష రూపాయలు ఇవ్వడం కంటె నూరు ఇళ్లు నూరేసి రూపాయలు ఇవ్వడమే నాకు మేలుగా తోస్తుంది. లక్ష ఇచ్చినవాడు ఊరు విడిచి వెళ్లవచ్చు. నూరు ఇళ్లవారు మాత్రం తమ సొమ్ముతో నడిచే కేంద్రం ఎలా ఉన్నదో తొంగి చూస్తారు, తమ పిల్లలను పంపుతారు, తప్పు జరిగితే నిలదీస్తారు.

ఇక్కడ జకాత్‌ను గురించి ఒక వివరణ అవసరం. రంజాన్ మాసంలో మనవారు విరివిగా జకాత్ ఇస్తారు. దానిని తీసుకొని అద్దెకు, జీతాలకు, బల్లలకు వాడేద్దామని కొందరు అంటున్నారు. దివ్య ఖుర్ఆన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ వ్యయానికి ఎనిమిది పద్దులను నిర్ణయించింది. మనలో అధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవానికి సొంతం కావాలి. కాబట్టి పేద విద్యార్థి పుస్తకాలకు, పరీక్ష రుసుముకు, దుస్తులకు అతని పేర ఇవ్వవచ్చును; మైనరు బాలుని విషయంలో తండ్రి స్థితిని కూడా చూడాలి. భవనానికి, జీతాలకు జకాత్ వాడడంపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. స్థానిక ఉలమాను సంప్రదించకుండా ఈ పని చేయవద్దు. సదఖా, ఇమ్దాద్ సొమ్ముకు ఈ పరిమితి లేదు. దానిని అద్దెకు, వేతనానికి, ఏ మతానికి చెందిన బిడ్డకైనా ఖర్చు చేయవచ్చును. కనుక రెండు రసీదు పుస్తకాలు, రెండు ఖాతాలు విడివిడిగా ఉంచండి. దాత ఏ ఉద్దేశంతో ఇచ్చాడో ఆ ఉద్దేశానికే అది చేరాలి. ఇది అమానత్.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన సోదరుల విషయంలోనూ భయాలు, అపోహలు ఉన్నాయి. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సవరణ మరింత కఠినం చేసింది. విదేశీ నిధులు పొందిన సంస్థ ఆ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా వ్యయం 20 శాతం దాటరాదు. ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోకే ఆ నిధులు రావాలి. అయితే భారత పౌరుడుగానే ఉండి కువైట్‌లోనో, సౌదీలోనో కష్టపడుతున్నవాడు తన సొంత సంపాదన నుండి సక్రమమైన బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం క్రిందికి రాదు. పరదేశ పౌరసత్వం పొందినవాని విరాళం మాత్రం విదేశీ విరాళమే. కాబట్టి పంపినవారి భారత పాస్‌పోర్టు ప్రతిని, బ్యాంకు వివరాలను దస్త్రంలో భద్రపరచండి. చేతి సొమ్ము, హవాలా సొమ్ము ఒక్క రూపాయి కూడా ముట్టవద్దు.

ఇక వ్యాపార సంస్థల నిధులు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించాలి. విద్య అందుకు అర్హమైన అంశం. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతున్నది. మనకు ఓర్వకల్లు ప్రాంతంలో సౌర విద్యుత్ ప్లాంట్లు ఉన్నాయి, పొరుగున నంద్యాల జిల్లాలో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. మనం ఇంతవరకు ఎన్ని కంపెనీల తలుపు తట్టాము?

తట్టే ముందు మన చేతిలో కొన్ని పత్రాలు ఉండాలి. 2001 నాటి సంఘాల నమోదు చట్టం క్రింద నమోదు, సంస్థ పేర పాన్, ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఏ, 80జి నమోదు, ఇటువంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 ఫారం ద్వారా పొందిన సంఖ్య. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారుతున్నాయి. వివరాలకు మీ ఆడిటరును అడగండి. మరొక్క మాట: పన్ను చట్టంలోని 12ఏ వేరు, ప్రభుత్వ గ్రాంటుకు సమర్పించే వినియోగ ధ్రువీకరణ పత్రం 12-ఏ వేరు. రెండవది 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళికి చెందిన ఫారం. ఒకదానికి బదులు మరొకటి జతచేస్తే ఫైలు వెనుకకు వస్తుంది.

ఈ పత్రాల కంటె ముఖ్యమైనది మన సంఘ నియమావళిలోని ఆశయాల పేరా. ఒక ప్రత్యేక మతవర్గం లేదా కులం ప్రయోజనం కొరకే ఏర్పడిన సంస్థకు 80జి సౌకర్యం లభించదు. మనలో చాలామంది సంఘాన్ని నమోదు చేసిన నాడు ముస్లిం పిల్లల కొరకు అని వ్రాయించారు. ఆ ఒక్క పదంతో సామాజిక బాధ్యత నిధుల తలుపు మూసుకుపోతుంది. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగలు, స్త్రీలు, పిల్లలు – వీరి కొరకు ఏర్పడిన సంస్థకు ఈ అభ్యంతరం వర్తించదని చట్టమే చెబుతున్నది. కాబట్టి సర్వసభ్య సమావేశం జరిపి, ఈ బస్తీలోని పేద బాలబాలికలందరి విద్య కొరకు అని ఆశయాన్ని సవరించుకోండి.

ఇది నిధుల కొరకు వేసే వేషం కారాదు. తలుపు నిజంగానే అందరికీ తెరవాలి. మన పేటలలో మన ఇంటి ప్రక్కనే దళిత కుటుంబం ఉన్నది, చేనేత కుటుంబం ఉన్నది, వలస వచ్చిన కూలీల గుడిసె ఉన్నది. వారి పిల్లల సాయంత్రం కూడా మన పిల్లల సాయంత్రం వంటిదే. తన పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినరాదని బోధించిన ధర్మం మనది. చదువు ఆకలికి మాత్రం ఆ బోధ వర్తించదా? ఒకే చాపపై కూర్చొని లెక్కలు నేర్చుకున్న పిల్లలు పెద్దవారైన తరువాత ఒకరినొకరు అనుమానించరు. ఈ రోజులలో అది చిన్న లాభం కాదు. హక్కుల కొరకు మనం ఎత్తే గొంతుకు ఇరుగుపొరుగువారి గొంతు తోడైతే దాని బలమే వేరు.

బాలికల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చీకటి పడిన తరువాత నడిచే కేంద్రం పేరుకు అందరిదే గానీ, ఆచరణలో మగపిల్లలదే అవుతుంది. బాలికలకు బడి విడిచిన వెంటనే మొదలుపెట్టి మగ్రిబ్ నమాజుకు ముందే ఇల్లు చేరేటట్లు వేళను నిర్ణయించండి. బాలురకు మగ్రిబ్ తరువాత ఇషా వరకు జరపండి. ఒకే గది, ఒకే అద్దె, రెండు తరగతులు. బాలికలకు మహిళా ఉపాధ్యాయురాలే ఉండాలి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. గ్రాంటు లభిస్తే మొదటి ఖర్చు ఆ మరుగుదొడ్డిపైనే పెట్టండి. కంప్యూటరు తరువాత కొనవచ్చును. ఇటువంటి ఒకసారి ఖర్చులకే గ్రాంటు సొమ్ము తగినది: మరమ్మతు, గ్రంథాలయం, బల్లలు, ఉపాధ్యాయుల శిక్షణ. గ్రాంటు ఆగినా అవి మిగిలి ఉంటాయి.

లెక్కల విషయంలో గుమాస్తాగా నా చాదస్తాన్ని మన్నించండి. రోజువారీ హాజరు పట్టీ, నగదు పుస్తకం, ఓచర్ల ఫైలు, సమావేశాల మినిట్సు పుస్తకం – ఈ నాలుగూ గ్రాంటు వచ్చిన తరువాత కాదు, కేంద్రం తెరిచిన మొదటి రోజు నుండి వ్రాయండి. ప్రతి నెలా జమాఖర్చులను ఒక కాగితంపై వ్రాసి కేంద్రం గోడపై అంటించండి. నూరు రూపాయలు ఇచ్చిన ఆటో డ్రైవరు దానిని చదవగలగాలి. అతనికి చూపలేని లెక్క ఏ ప్రభుత్వానికీ చూపలేము. మధ్యవర్తులు వచ్చి గ్రాంటు ఇప్పిస్తాము, ఇంత శాతం ఇవ్వండి అంటారు. వారికి టీ కూడా ఇవ్వకుండా పంపివేయండి.

ఈ నగరంలో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ గారి పేర నేడు ఒక ఉర్దూ విశ్వవిద్యాలయమే వెలిసింది. అటువంటి మహనీయుల వారసులమని చెప్పుకొనే అర్హత మనకు ఉండాలంటే, కనీసం ఒక్కొక్క పేటకు ఒక్క గదినైనా నడిపి చూపాలి.

కనుక ఈ సభ ముందు మూడు తీర్మానాలను ప్రతిపాదిస్తున్నాను. మొదటిది: ప్రభుత్వ నిధులతో నిర్మితమైన ఉర్దూ ఘర్, షాదీఖానా భవనాలను పెళ్లిళ్లు లేని సాయంకాలాలలో విద్యాకేంద్రాలకు ఉచితంగా ఇవ్వవలసిందిగా జిల్లా కలెక్టరు గారికి వినతిపత్రం సమర్పించాలి. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. రెండవది: నిలిచిపోయిన విద్యా పథకాలను పునరుద్ధరించాలని, సచార్ కమిటీ సూచించిన బస్తీ అధ్యయన కేంద్రాలకు బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు ఏర్పరచాలని, ఆ నిధుల మొదటి విడత జూన్ మాసంలోనే విడుదల చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను కోరాలి. మూడవది మనకు మనమే విధించుకొనేది: ఇక్కడికి వచ్చిన ప్రతి సంఘం వచ్చే జూన్‌లోగా నెలసరి నూరు రూపాయల చందాదారుల జాబితాను సిద్ధం చేయాలి. మొదటి రెండు తీర్మానాలకు జవాబు ఇతరుల చేతిలో ఉన్నది. మూడవది ఈ రాత్రి ఇంటికి వెళ్లే దారిలోనే మొదలుపెట్టవచ్చును. జాబితాలో మొదటి పేరు సంఘ కార్యదర్శిది, రెండవ పేరు కోశాధికారిది కావాలి. మనం ఇవ్వకుండా ఇతరులను అడిగే నైతిక హక్కు మనకు లేదు.

 ఈ పనిలో అల్లాహ్ మనకు స్థిరత్వాన్ని ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.